తలుపు తెరచిన తరువాత

విశ్వవిద్యాలయం అనగానే మనకు తోచేవి తరగతి గది, గ్రంథాలయం, ప్రయోగశాల. కాని అక్కడ పనిచేసేవారికి నాలుగవ స్థలం ఒకటి ఉన్నది. అది తేనీటి బల్ల. ఏ పదవి ఖాళీ కాబోతున్నదో, ఏ పరిశోధనకు ధనసహాయం లభించగలదో, ఏ సంఘంలో ఎవరిని నియమిస్తారో ముందుగా తెలిసేది అక్కడనే. ఈ సంగతులు సర్క్యులర్లలో రావు; ఒకరి నోట మరొకరు వినవలసినవే. ఇట్టి పరిచయాల అల్లికలో ఎవరికి చోటు దొరుకుతుందో నిబంధనల కంటె ఆచారమే ఎక్కువగా నిర్ణయిస్తుంది. స్త్రీల విషయంలో ఇది మరింత నిజం.

మన దేశంలోని ఉదాహరణనే చూద్దాము. 1933లో బొంబాయి విశ్వవిద్యాలయ పట్టభద్రురాలు కమలా భాగవత్ బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రవేశం కోరినారు. స్త్రీ అన్న కారణంతో అప్పటి డైరెక్టరు సర్ సి. వి. రామన్ మొదట నిరాకరించినారు. ఆమె పట్టు విడువలేదు. చివరకు ఒక సంవత్సరంపాటు పరీక్షార్థం చేర్చుకొన్నారు. ఆమె ఉనికి వలన పురుష విద్యార్థుల ఏకాగ్రతకు భంగం కలుగరాదన్నది షరతులలో ఒకటి. ఏడాది తిరిగేసరికి ఆమె పని రామన్‌కు తృప్తి కలిగించినది. ఇతర స్త్రీలకు కూడా ప్రవేశం లభించినది. కమలా సోహోనీ అన్న పేరుతో ప్రసిద్ధి చెందిన ఈమె 1939లో కేంబ్రిడ్జి డాక్టరేటు పొందినారు.

అట్లా తలుపు తెరచుకొన్నది. లోపల ఏమి జరిగినది?

1940లో అన్నా మణి అదే సంస్థలో రామన్ వద్ద పరిశోధనకు చేరినారు. వజ్రాలు, కెంపులు వెలువరించే కాంతిని గురించి 1942-45 మధ్య ఐదు వ్యాసాలు ప్రకటించినారు. ఐదింటికీ రచయిత్రి ఆమె ఒక్కరే. ఆ ప్రయోగశాలలో స్త్రీపురుషులు కలసి మెలసి మాట్లాడుకోవడం రామన్‌కు సమ్మతం కాదనీ, అందువలన విద్యార్థినులు తోటివారి చర్చలకు దూరంగా పనిచేయవలసి వచ్చినదనీ విజ్ఞానశాస్త్ర చరిత్రను పరిశీలించిన ఆభా సుర్ వ్రాసినారు. పరికరాలకు లోటు లేదు, పనికి లోటు లేదు, కరువైనది మాట. ఇందులో ద్వేషం వెతకనక్కరలేదు. అది ఆనాటి మర్యాద. మర్యాద అన్న పేరు ఉన్నందువలననే దానిని ప్రశ్నించడం కష్టం.

అన్నా మణి తరువాత భారత వాతావరణ శాఖలో డిప్యూటీ డైరెక్టరు జనరల్ పదవి వరకు ఎదిగినారు. స్త్రీ అయినందున తన మార్గానికి అడ్డు కలిగినదని ఆమె వృద్ధాప్యంలో సైతం అంగీకరించలేదు. ఆమె ధీరత్వానికి నమస్కరిద్దాము. కాని ఒక చిక్కు మిగిలే ఉన్నది. మన చెవిని పడని మాట మనకు అందలేదని మనకు ఎట్లా తెలుస్తుంది?

ఇది మన దేశానికి మాత్రమే చెందిన సంగతి కాదు. 1907లో బెర్లిన్ చేరిన లీసే మైట్నర్‌కు అక్కడి రసాయనశాస్త్ర సంస్థలో, నేలమాళిగలోని పాత వడ్రంగి గదిలో మాత్రమే పనిచేయడానికి అనుమతి దొరికినది. విద్యార్థులుండే పై అంతస్తులకు ఆమె వెళ్ళరాదు. అట్టి నిషేధం కంటికి కనిపిస్తుంది. కనిపించని దానిని బయటపెట్టినవారు అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని ఆచార్యిణులు. జీవశాస్త్ర ఆచార్యిణి నాన్సీ హాప్కిన్స్ టేపు చేతబట్టి ప్రయోగశాలలను కొలిచి, స్త్రీలకు దక్కిన స్థలం తక్కువని చూపినారు. 1994లో ఆమె సహోద్యోగినులతో మాట్లాడగా, ప్రతివారూ తమ ఒక్కరి దురదృష్టమే అనుకొన్నది అందరి అనుభవమేనని తేలినది. తప్పు ఉన్నదని ఆ సంస్థ 1999లో నివేదిక ప్రకటించి ఒప్పుకొన్నది. వయస్సులో చిన్నవారికి తేడా అంతగా తోచలేదనీ, పదవి పెరిగినకొద్దీ ముఖ్య నిర్ణయాలకు తాము దూరమవుతున్నట్లు పెద్దవారు గ్రహించినారనీ అందులో ఉన్నది.

కనుక స్త్రీలు తమలో తాము మాట్లాడుకోవడం మొదటి మందు. పదవుల సమాచారం వ్రాతమూలకంగా అందరికీ తెలియజేయడం, ముఖ్యమైన చర్చలను పనివేళల్లోనే ముగించడం విద్యాసంస్థల వంతు.

మూడవ వంతు మన ఇళ్ళది. కళాశాలలో సాయంకాలం ఏడు దాకా స్నేహితులతో ముచ్చటించి వచ్చిన కొడుకును పనిమంతుడంటాము. అదే వేళకు అదే కళాశాలనుండి వచ్చిన కోడలిని "ఇంత ఆలస్యమేమమ్మా?" అని అడుగుతాము. అడిగినవారు మంచివారే. కాని మరునాడు ఆమె ఐదింటికే చేతిసంచి సర్దుకొంటుంది. బల్ల దగ్గర మాటలు అప్పుడే మొదలవుతాయి. ఆ ప్రశ్న మానుకొంటే చాలదు. ఆ పూట పొయ్యి ఎవరు వెలిగిస్తారో కూడా ఇంటిల్లిపాదీ ముందే అనుకోవాలి.