బ్రిడ్జ్‌టౌన్ పాత కట్టడాలు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడవలసిన వేదిక మీద వెస్టిండీస్ కబుర్లేమిటని కొందరు అనుకోవచ్చు. కార్యదర్శిగారు నాకు పది నిమిషాలే ఇచ్చారు, కనుక భయం లేదు.

మా అబ్బాయి కుటుంబంతో ఓడలో వెళ్లి, బార్బడోస్ దీవి రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో రెండు రోజులు తిరిగాను. ఈ పేరు మనకు రేడియో కామెంటరీ రోజుల నుంచి పరిచయమే. 1997లో 120 పరుగులు చేస్తే గెలిచే టెస్టులో మనవాళ్లు 81కే ఆలౌటయింది అక్కడి కెన్సింగ్టన్ ఓవల్‌లోనే. అందులో 19 చేసి అందరికంటే మెరుగనిపించుకున్నవాడు మన హైదరాబాద్ లక్ష్మణ్. 2024 జూన్ 29న అదే మైదానంలో దక్షిణాఫ్రికాపై 7 పరుగులతో ప్రపంచ కప్పు గెలిచి, మనవాళ్లు ఆ ఊరితో లెక్క సరిచేసుకున్నారు.

ఇంగ్లీషువాళ్లు 1628లో వేసిన ఊరు. వీధులు వంకరటింకర. ఓడలను పక్కకు ఒరిగించి అడుగు గీకి బాగుచేసుకున్న పాత రేవు ఊరి నడిబొడ్డునే ఉంది. అక్కడి నుంచి చక్కెర పోయేది. ఆఫ్రికా నుంచి బానిసలు దిగేవారు. ఆ చక్కెర డబ్బే ఈ రాతి మేడలన్నీ. ఊరినీ, పక్కనున్న గ్యారిసన్ అనే సైనిక స్థావరాన్నీ కలిపి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1751లో పందొమ్మిదేళ్ల జార్జి వాషింగ్టన్ జబ్బుపడిన అన్నగారితో వచ్చి బస చేసిన ఇల్లు ఆ గ్యారిసన్‌లోనే ఉంది. పాపం, ఆయనకు మశూచి తగిలింది. అక్కడి పాత సైనిక జైలు ఇప్పుడు మ్యూజియం.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది మాత్రం యూదుల ప్రార్థనా మందిరం. బ్రెజిల్ నుంచి తరలివచ్చిన యూదులు 1654లో కట్టుకున్నారు. 1831 తుపానులో కూలితే 1833లో మళ్లీ లేపారు. తర్వాత ఊళ్లో యూదులు తరిగిపోయి, 1929లో అమ్ముడుపోయింది. 1983లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, పడగొట్టి కోర్టు కట్టాలనుకుంది. పిడికెడు మంది యూదులు, వారితో ఊరివారు పట్టుబట్టారు, చందాలు పోగుచేశారు, నిలబెట్టుకున్నారు. 2008లో ఆవరణలోని కార్ల స్థలం కింద తవ్వితే పాత స్నానకుండం బయటపడింది. నేల కింద ఊట నీరు! పడగొట్టి ఉంటే అదీ సిమెంటు కిందనే ఉండిపోయేది.

అలాగని పాతదంతా పూజించమని నేననను. నెల్సన్ విగ్రహాన్ని 1813లో, అంటే లండన్‌లోని ప్రసిద్ధ స్తంభానికి ముందే, అక్కడ నిలిపారు. బానిస వ్యాపారాన్ని సమర్థించిన మనిషికి మా కూడలిలో చోటేమిటని జనం చాలా కాలం అడిగారు. 2020 నవంబరు 16న దింపి మ్యూజియం వారికి అప్పగించారు. పగలగొట్టలేదు, సముద్రంలో పారేయలేదు. మరుసటి ఏడు నవంబరు 30న దేశం గణతంత్రమైంది. సంకెళ్లు తెంచుకున్న బానిస విగ్రహం 1985 నుంచి ఊరి తూర్పున ఒక కూడలిలో నిలబడి ఉంది. నా మటుకు నాకు ఈ పద్ధతి నచ్చింది.

ఇక అసలు సంగతి. మనలో చాలామంది ముప్ఫయ్యేళ్లు సంతకాలు పెట్టిన పాత ఆఫీసు భవనాన్ని పడగొట్టి దుకాణాలు కట్టాలనే ప్రతిపాదన ఉన్నదని మీకు తెలుసు. వర్షాకాలంలో రిజిస్టర్ల మీద నీళ్లు కారిన మాట నిజమే. కానీ ఆ సున్నపు గోడలకు ఏమీ కాలేదు. కనీసం కొలతలూ ఫోటోలూ తీయకుండా ముట్టుకోవద్దని ఒక అర్జీ తయారుచేశాము. టీ బల్ల దగ్గర ఉంది. మీ ఇళ్లలో ఆ భవనం ముందు తీయించుకున్న పదవీ విరమణ ఫోటోలు ఉంటే వెనక తేదీ రాసి ఇవ్వండి. కాపీ తీసుకుని ఒరిజినల్ మీకే తిరిగి ఇస్తాము.