చెయ్యి లేని గ్రాఫు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న పిల్లలారా, మర్యాదల జోలికి పోను. ఎండ ముదరకముందే మీరు ఫొటోలు దిగాలి.

నా ఉద్యోగ జీవితమంతా యాంటెన్నాల చుట్టూనే తిరిగింది. మొదట రాడార్లు, తర్వాత మొబైల్ బేస్ స్టేషన్లు. చివరి ఏళ్లన్నీ ఒకే ప్రశ్నతో గడిచాయి. అప్పుడే ఆన్ చేసిన ఫోన్‌కి టవర్ ఏ దిక్కున ఉందో తెలియదు. టవర్‌కి ఆ ఫోన్ ఉన్న సంగతే తెలియదు. వీళ్లిద్దరికీ మొదటి పరిచయం ఎలా జరగాలి?

పాత బ్యాండ్లలో ఇది పెద్ద చిక్కు కాదు. టవర్ తన ప్రాంతమంతటికీ ఒకేసారి వినపడేలా పిలిస్తే సరిపోయేది. 2022 వేలంలో మన దేశంలో అమ్ముడుపోయిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఆ పప్పులుడకవు. అదే తరహా యాంటెన్నాతో 2.6 నుంచి 26 గిగాహెర్ట్జ్‌కి వెళితే అందే శక్తి నూరో వంతుకి పడిపోతుంది. విరుగుడు కూడా ఆ తరంగంలోనే ఉంది. దాని పొడవు సుమారు 11.5 మిల్లీమీటర్లు, కాబట్టి 64 చిన్న యాంటెన్నాలు అయిదు సెంటీమీటర్ల చదరంలో ఇమిడిపోతాయి. అన్నీ కలిసి శక్తిని ఒక సన్నని బీమ్‌గా పోగుచేస్తాయి. అయితే ఆ బీమ్ వెడల్పు పన్నెండు, పదమూడు డిగ్రీలే. ఎదురుగా ఎవరున్నారో తెలియనప్పుడు దాన్ని ఎటు తిప్పాలి?

ఈ తరంగాలు మనవాళ్లకి కొత్తవి కావు. 1890లలోనే జగదీశ్ చంద్రబోస్ కలకత్తాలో మిల్లీమీటర్ తరంగాలతో ప్రయోగాలు చేసి, దూరంగా ఉన్న గంటను మోగించి చూపించారు. ఆ గంట ఎక్కడుందో ఆయనకు ముందే తెలుసు. మనకి ఫోన్ ఎక్కడుందో తెలియదు.

విశాఖలో డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభాన్ని చూసినవాళ్లకి 5జీలో దీనికి కనిపెట్టిన ఉపాయం వెంటనే అర్థమవుతుంది. టవర్ తన బీమ్‌ను ఒక్కో దిక్కుకీ తిప్పుతూ ప్రతి దిక్కునా తన ఆనవాలు వదులుతుంది. ఈ ఎత్తైన బ్యాండ్లలో గరిష్ఠంగా 64 దిక్కులు, అన్నీ అయిదు మిల్లీసెకన్లలో పూర్తి. కొత్తగా వెతుకుతున్న ఫోన్ ఈ చుట్టు ప్రతి 20 మిల్లీసెకన్లకీ వస్తుందనుకుని వింటుంది. దానికీ చెవులు అన్ని వైపులా ఉండవు. ఒక చుట్టులో ఒక వైపు విని, తర్వాతి చుట్టులో ఇంకో వైపు తిరుగుతుంది. ఎనిమిది వైపులు వినాలంటే 160 మిల్లీసెకన్లు.

ఇందులో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది జవాబు చెప్పే తీరు. తనకి ఏ బీమ్ బాగా అందిందో ఫోన్ మాటల్లో చెప్పదు. ఒక్కో బీమ్‌కీ ఒక్కో జవాబు వేళ ముందే కేటాయించి ఉంటుంది. తనకి నచ్చిన బీమ్ వేళ రాగానే ఫోన్ ప్రియాంబుల్ అనే చిన్న సంకేతం ఒకటి పంపుతుంది. అది ఏ వేళకి వచ్చిందో చూసి టవర్ దిక్కు పట్టేస్తుంది. మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ 2018లో పూర్తిచేసిన రిలీజ్ 15లో ఇదంతా ఉంది. చదవండి. పరీక్ష కోసం కాదు, ఎంత పొదుపుగా ఆలోచించారో చూడటానికి చదవండి.

ఇక నన్ను వేధించే సంగతికి వస్తాను. నేను పనిచేసిన ఒక కంపెనీలో 28 గిగాహెర్ట్జ్ ట్రయల్ జరుగుతున్న రోజులవి. ల్యాబ్‌లో ఫలితాలు బ్రహ్మాండం. వీధిలోకి వస్తే మాత్రం ఫోన్ కలవడం, తెగడం, మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవడం. అల్గారిదమ్ వాళ్లు కోడ్ మార్చారు, మళ్లీ మార్చారు, ఫలితం లేదు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి లాగ్ ఫైళ్లు పక్కనపెట్టి బస్టాపులో నిలబడి జనం చేతుల్ని చూసింది. వెనక్కి వచ్చి ఫోన్ అంచున యాంటెన్నా మాడ్యూళ్లు ఉన్నచోట రంగు టేపు ముక్కలు అంటించి, కనపడినవాళ్లందరికీ ఇచ్చి పట్టుకోమంది. గేమ్ ఆడేవాళ్లు ఫోన్‌ని అడ్డంగా తిప్పి రెండు చేతులా పట్టుకుంటారు. వాళ్ల వేళ్లు సరిగ్గా ఆ టేపు మీదే పడుతున్నాయి! ఈ తరంగాలకి వేలు అడ్డుగోడే. ఫోనేమో మూసుకుపోయిన మాడ్యూల్‌తోనే చుట్టంతా వెతికి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళుతోంది. వెతికే వరస మార్చాక ఇబ్బంది చాలావరకు తీరింది.

మీ ప్రాజెక్టు రిపోర్టులు కొన్ని తెప్పించుకుని చూశాను. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి, గ్రాఫులు అందంగా ఉన్నాయి. ఒక్క గ్రాఫులోనూ చెయ్యి లేదు. వేపచెట్టు లేదు, అడ్డంగా వచ్చి ఆగిన ఆర్టీసీ బస్సు లేదు. ఏమర్రా, మన ఊళ్లో ఎవరైనా ఫోన్‌ని ప్లాస్టిక్ స్టాండుకి తగిలించుకుని తిరుగుతారా? ఇంత చదువు చదివి, గది తలుపు తీసి బయటకు రావడానికి బద్ధకమేమిటి?

కొన్ని బీమ్‌లే కొలిచి మిగతావి మెషీన్ లెర్నింగ్‌తో అంచనా కట్టే పద్ధతులు వస్తున్నాయి. రిలీజ్ 18లో వీటి మీద అధ్యయనం జరిగింది. మంచి దారే, వెతుకులాట తగ్గుతుంది. కానీ నేర్పిన డేటాలో చెయ్యి లేకపోతే ఆ మోడల్‌కి చెయ్యంటే ఏమిటో తెలియదు.

సగటును చూసి కూడా సంతోషపడకండి. నూరుమందిలో 95 మందికి 100 మిల్లీసెకన్లలో, అయిదుగురికి రెండు సెకన్లకు ఫోన్ కలిసిందనుకోండి. సగటు 195 మిల్లీసెకన్లు వస్తుంది. మీటింగులో చప్పట్లు పడతాయి. స్తంభం వెనక నిలబడ్డవాడూ, ఆటోలో ఇరుక్కుని ఫోన్ చెవికి ఆనించుకున్న ఆవిడా ఆ అంకెలో కనపడరు. ఇంజనీరు పని వాళ్ల దగ్గరే మొదలవుతుందని నా గట్టి నమ్మకం.

పరికరాలు లేవని సాకు చెప్పకండి. ఐఐటీ హైదరాబాద్ సహా ఎనిమిది సంస్థలు కలిసి తయారుచేసిన దేశీ 5జీ టెస్ట్‌బెడ్ 2022లో ప్రారంభమైంది. మీలో చాలామంది హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో చేరబోతున్నారు. మొదటి నెలలోనే మీ మేనేజర్‌ని అడిగి ఒక్కసారైనా ఫీల్డ్‌కి వెళ్లండి. మీరు రాసే ప్రతి రిపోర్టులోనూ సగటు పక్కన ఆ చివరి అయిదు శాతం మంది అంకె రాయండి. పై అధికారి తీసేయమంటే, ఎందుకని మర్యాదగా అడగండి.