ముదిమిలో చేతి కాసు



ఈ కొండవీటి నీడన కూర్చుండినపుడెల్ల మాకు శ్రీనాథ మహాకవి స్మరణకు వచ్చును. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారియై వెలిగిన ఆ కవిసార్వభౌముడు, రాజ్యము చెదరిన పిమ్మట ఆశ్రయము వెదకుచు తిరిగి, తుదకు కృష్ణాతీరమున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు పట్టెననియు, పంట వరదపాలై పన్ను కట్టలేక అవమానము పొందెననియు చాటువులు చెప్పుచున్నవి. కనకాభిషేకము పొందిన తలకైనను ముదిమిలో కావలసినది ఆధారమే.

నేడు మన పల్నాటి తల్లిదండ్రులు బిడ్డల వెంట సముద్రములు దాటుచున్నారు. అమెరికా నుండి వచ్చిన ఒక వృద్ధమాత మాతో ఇట్లనెను: “శాస్త్రిగారూ, మా అబ్బాయి ఇల్లు పెద్దదే. తిండికీ గుడ్డకూ లోటు లేదు. కానీ గుడికి వెళ్తే హారతి పళ్ళెంలో వేయడానికి డాలరు కోడల్ని అడగాలి.”

ఇంటి రాబడి లెక్కించువారికి ఆమె పేద కాదు. ఆమె చేయి మాత్రము వట్టిది. తల్లిని పిలిపించుకొను బిడ్డ పోషణభారము తనదేయని అక్కడ సంతకము చేయవలెను. 1996 నాటి చట్టము వలన, పౌరసత్వము వచ్చువరకు, తాను గాని భర్త గాని ఆ దేశమున పదేండ్లు కొలువు చేసిన లెక్క ఉన్నచో తప్ప, నిరుపేద వృద్ధుల భృతి సాధారణముగా దొరకదు. మనుమలను పెంచిన ఏండ్లు ఆ లెక్కలోనికి రావు. కొడుకు కొలువు పోయినను, ఇంట మాట పట్టింపు వచ్చినను ఆమెకు వేరు దిక్కు లేదు.

బిడ్డలు చెడ్డవారని మేము అనము. శ్రీమద్రామాయణమున అంధ తాపసులకు కుమారుని సేవలో ఏ లోటును లేదు. అతడొక్కడే ఆధారమగుటచే దశరథుని బాణమొక్కటి మూడు ప్రాణములను తీసినది. స్మృతికర్తలు స్త్రీధనమును వేరుగా నిలిపినది ఊరకే కాదు. భర్తతో కాపురమున్నను ఆమె సొత్తు ఆమెదే.

కావున బిడ్డలారా, నెలకింత అని తల్లిదండ్రుల పేర బ్యాంకులో వేయుడు. అడిగించుకొని ఇచ్చునది భిక్ష. అడుగకముందే ఇచ్చునది సేవ.

పెద్దలారా, విమానమెక్కుటకు ముందు ఊరి ఇల్లు, పొలము అమ్మి పంచివేయకుడు. వ్రాసి ఇచ్చితిరేని పోషణ షరతు దస్తావేజులో వ్రాయించుడు. ఆ షరతు తప్పినచో 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము క్రింద దాని రద్దు కోరవచ్చును.

ఆ తల్లి మరల హారతికి నిలిచినపుడు ఆమె కొంగుముడిలో ఆమెదేయైన కాసు ఒకటి ఉండుగాక!

స్వస్తి.