ఏం చదవాలో ఎవరు చెప్పారు?

 

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీరు ఈ డిగ్రీ కాలేజీలో చేరిన రోజుల్లో చుట్టాలు అడిగే ఉంటారు: “డిగ్రీయేనా? ఇంజినీరింగ్‌లో సీటు రాలేదా?” ఆ మాట మనసుకి గుచ్చుకుంటుంది. కానీ అది ఆ ఒక్క చుట్టానిది కాదు, మన విశాఖది, ఈ కాలానిది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ విద్యార్థులు తరగతులు వదిలి రోడ్డెక్కారు. ఆ ఉద్యమంలో ప్రాణాలే పోయాయి. అలా సాధించుకున్న ఉక్కు కర్మాగారం ఆ తర్వాతి పిల్లలను ఐటీఐ వైపు, డిప్లొమా వైపు, మెకానికల్ వైపు నడిపింది. ఆనక హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కొలువులు కంప్యూటర్ సైన్సు వైపు లాగాయి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక, ఇంజినీరింగ్ ఊసే లేని ఇళ్లలోనూ ఆ ఆశ పుట్టింది. అది మంచిదే. ఆ ఒక్కటే చదువు, తక్కినవి సీటు రానివాళ్లకు అనే నమ్మకం మాత్రం తప్పు. చరిత్రో, వృక్షశాస్త్రమో, కామర్సో ఇష్టపడి ఎంచుకున్నవాళ్లు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఆడపిల్లల లెక్క వేరు. మార్కుల కంటే ముందు బస్సు రూటు చూస్తారు. చీకటి పడేలోగా ఇల్లు చేరుతుందా అని అడుగుతారు. మద్దిలపాలెంలో బస్టాండు ఉంది కాబట్టే చదువు సాగినవాళ్లు మీలో ఉన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. అంతకుముందు కొన్ని ఇళ్లలో ఆ చార్జీయే చదువుకి అడ్డంగా ఉండేది.

చదువుకి దూరం ఎప్పుడూ అడ్డమే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టేదాకా ఈ కోస్తా జిల్లాల డిగ్రీలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయానివే. చదువు దగ్గరికొస్తే చదివేవాళ్లు పెరుగుతారు.

ఇకపై మీ వీధిలో మీ మాటకూ విలువ ఉంటుంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో, వెబ్ ఆప్షన్లు పెట్టకముందే, ఒక్క ఇంటికైనా వెళ్లి కూర్చోండి. ఏ కోర్సుకి ఎంత ఖర్చవుతుందో, ఏ స్కాలర్‌షిప్ వస్తుందో, హాస్టల్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. ఆ ఇంటి అమ్మాయికి ఏం చదవాలనుందో వాళ్ల నాన్న ఎదుటే అడగండి. ఆమె చెప్పేదాకా ఆగండి.