చేతికి పని, మనసుకు తోడు

(మానసిక ఆరోగ్యంపై జరిగిన ఒక సభలో కళాశాల విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



వైద్యరంగంలో ప్రవేశించదలచిన మన యువతీ యువకుల దృష్టి సాధారణంగా రెండు మూడు వృత్తులను దాటి పోదు. రోగ నిర్ణయం చేసేవారు, మందు ఇచ్చేవారు, శుశ్రూష చేసేవారు అందరికీ తెలుసు. కాని జబ్బు నెమ్మదించిన మనిషి తిరిగి తన ఇంటిలో, తన వీధిలో, తన పనిలో కుదురుకొనడానికి తోడ్పడేవారిని గురించి మనకు తెలిసినది స్వల్పం. అట్టి వృత్తులు రెంటిని ఈనాడు మీ ముందు ఉంచదలచాను. ఒకటి ఆక్యుపేషనల్ థెరపీ, అనగా వృత్తి చికిత్స. రెండవది మానసిక వ్యాధిని స్వయంగా అనుభవించి కోలుకున్నవారు అదే బాధలో ఉన్న మరొకరికి అందించే ఆసరా. దీనిని పీర్ సపోర్ట్ అని వ్యవహరిస్తున్నారు. మనం తోటివారి ఆసరా అందాము.

వృత్తి చికిత్స అనగానే రోగికి ఏదో చేతిపని నేర్పి జీతం వచ్చేటట్లు చేయడమని కొందరు భావిస్తారు. అది అందులో ఒక భాగం మాత్రమే. ఇక్కడ వృత్తి అన్న మాటకు అర్థం విస్తారమైనది. తెల్లవారి లేచి ముఖం కడుగుకొనడం, గుండీలు పెట్టుకొనడం, అన్నం కలుపుకొని తినడం, బస్సు ఎక్కడం, పిల్లవాడిని బడికి పంపడం, సాయంత్రం నలుగురితో ముచ్చటించడం, ఇవన్నీ వృత్తులే. రోజును రోజుగా నిలబెట్టేవి ఇవే. పక్షవాతం, కాలిన గాయం, పుట్టుకతో వచ్చిన లోపం, మానసిక వ్యాధి ఈ పనులలో దేనిని మనిషికి దూరం చేసినా, దానిని తిరిగి చేరువ చేయడం ఈ శాస్త్రం పని.

ఈ రెండు వృత్తులకు పుట్టుకలోనే బాంధవ్యం ఉన్నది. 1917లో అమెరికాలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో వృత్తి చికిత్స కోసం తొలి జాతీయ సంఘాన్ని స్థాపించిన వారిలో జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ ముఖ్యుడు. ఆయన వైద్యుడు కాడు, వాస్తుశిల్పి. క్షయవ్యాధికి గురై, ఆపైన శరీరంలో ఒక పక్క చచ్చుబడగా, పని ద్వారానే తేరుకున్నవాడు. అంతకు నూరేళ్ళకు పైగా పూర్వం, పారిస్‌లోని బిసేత్ర్ ఆసుపత్రిలో పినెల్ అనే వైద్యుడు మానసిక రోగులపట్ల దయతో కూడిన చికిత్సకు ప్రసిద్ధుడైనాడు. అక్కడ ఆయనకు కుడిభుజంగా నిలిచిన పుస్సెన్ ఒకప్పుడు అదే ఆసుపత్రిలో గండమాల వ్యాధికి చికిత్స పొందినవాడు. కోలుకున్న రోగులనే సేవకులుగా నియమించే పద్ధతి అక్కడ ఉండేది. బాధపడినవానికి బాధ తెలుసునన్న మాట ఆనాడే ఆచరణలోకి వచ్చినదన్న మాట.

మన దేశంలో వృత్తి చికిత్సకు బీజం వేసినవారు శ్రీమతి కమలా నింబ్కర్. అమెరికాలో జన్మించి, భారతీయుని వివాహమాడి, ఈ దేశాన్నే స్వదేశంగా చేసుకున్న ఆమె 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు తొలి పాఠశాలను ప్రారంభించారు. 1952లో అఖిల భారత వృత్తి చికిత్సకుల సంఘం ఏర్పడినది. అదే సంవత్సరం రూపుదాల్చిన ప్రపంచ సమాఖ్యలో భారతదేశం వ్యవస్థాపక సభ్యదేశం.

మానసిక వ్యాధి విషయంలో ఈ చికిత్స ఏమి చేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. స్కిజోఫ్రేనియా వ్యాధికి మందులు వాడగా, లేని మాటలు వినబడడం, అకారణమైన అనుమానాలు చాలామందిలో తగ్గుతాయి. కాని పని మీద ఆసక్తి, ఏకాగ్రత, ఒకదాని తర్వాత ఒకటి క్రమంగా చేసుకుపోయే శక్తి వెంటనే రావు. ఇంటివారు దీనిని సోమరితనమనుకుంటారు. నిందిస్తారు. వృత్తి చికిత్సకుడు నిందించడు, పనిని విడదీసి చూస్తాడు. ఉప్మా చేయడమే తీసుకోండి. స్టవ్ వెలిగించాలి, రవ్వ మాడకుండా వేయించాలి, పోపు ఎప్పుడు వేయాలో గమనించాలి, నీరు కొలవాలి, ఇన్నిటి మధ్య వంటింటిని కనిపెట్టి ఉండాలి. ఇందులో రోగి ఎక్కడ ఆగిపోతున్నది అన్నది అతడు కనిపెడతాడు. మొదట బియ్యంలో రాళ్ళు ఏరడం, తర్వాత కూరగాయలు తరగడం, ఆపైన ఒకరి తోడుతో వంట, చివరకు ఒంటరిగా వంట. ఒక్కొక్క మెట్టు ఎక్కించే ఈ నేర్పు చూడడానికి సామాన్యంగా కనిపిస్తుంది. దాని వెనుక శరీర నిర్మాణం, నాడీమండలం, మనస్తత్వం మొదలైన శాస్త్రాల అధ్యయనం ఉన్నది.

ఈ విద్య పుస్తకంతో పూర్తి కాదు. ఇది మనిషి బ్రతికే తీరును బట్టి మారుతుంది. పీటమీద కూర్చుని చేత్తో తినేవానికి చెంచా పట్టడం నేర్పి ప్రయోజనం లేదు. వాకిట్లో ముగ్గు వేసే ఇల్లాలికి ఆ ముగ్గే చేతివేళ్ళకు వ్యాయామం, మనసుకు నిలకడ. మగ్గం ముందు కూర్చునేవానికి, వరినాటు వేసే కూలి స్త్రీకి, దుకాణంలో లెక్క వ్రాసేవానికి వేరువేరు చికిత్సలు కావాలి. కటకంలోనో కలకత్తాలోనో ఢిల్లీలోనో ఉన్న జాతీయ సంస్థలలో మన విద్యార్థి ఈ విద్య అభ్యసిస్తే, ఒడియా, వంగ, హిందీ కుటుంబాల దినచర్యను తెలుసుకొనక తప్పదు. దేశాన్ని లోపలి నుండి చూపే చదువు ఇది.

ఇక తోటివారి ఆసరా. 1950లలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి చికిత్సలో భాగస్వాములను చేశారు. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల నెలకొల్పిన మానసిక ఆరోగ్య కేంద్రంలోనూ కుటుంబసభ్యులు రోగితోపాటు ఉండే పద్ధతి ఏర్పడినది. మన చిత్తూరు సీమ నుండి వెల్లూరు వెళ్ళే కుటుంబాలకు ఆ ఆసుపత్రి చిరపరిచితమే. ఒక గుడారంలోని తల్లి పక్క గుడారంలోని తల్లికి చెప్పే మాటకు ఉన్న విలువను ఈ పద్ధతులు ముందుగానే గుర్తించాయనవచ్చు.

ఆ విలువను శిక్షణతో కూడిన ఉద్యోగంగా మలచే ప్రయత్నం ఇటీవలిది. 2014 నుండి గుజరాత్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్వాలిటీ రైట్స్ పద్ధతి ప్రకారం కోలుకున్నవారికి శిక్షణ ఇచ్చి, ఇతర రోగులకు తోడుగా నిలిపారు. 2018లో మొదలైన అప్‌సైడ్స్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో జర్మనీ, ఉగాండా, టాంజానియా, ఇజ్రాయెల్ దేశాలతోపాటు మన దేశమూ పాల్గొన్నది. మహారాష్ట్ర, గుజరాత్ గ్రామాలలో ఆత్మీయత అనే కార్యక్రమం ఊరివారినుండే స్వచ్ఛంద సేవకులను ఎన్నుకొని, దిగులుతో ఉన్నవారిని పలకరించేటట్లు తీర్చిదిద్దినది.

ఈ తోటివారికి తెలిసినదేమిటి? మాత్ర వేసుకున్న మరునాడు ఉదయం కమ్మే మత్తును ఎట్లా తట్టుకోవాలో తెలుసు. ‘ఇన్నాళ్ళు ఎక్కడున్నావు?’ అని ఇరుగుపొరుగు అడిగితే ఏమి చెప్పాలో తెలుసు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో మూడేళ్ళ ఖాళీని గురించి ప్రశ్న వస్తే గుండె ఎట్లా జారుతుందో తెలుసు. అన్నిటికన్నా మిన్నగా, కోలుకొనడం సాధ్యమన్నదానికి వారే సాక్ష్యం. ఈ సాక్ష్యం డాక్టరు ఇవ్వలేనిది.

అయితే అనుభవం దానంతట అదే నైపుణ్యం కాదు. తన కథ అందరి కథ కాదని తెలుసుకోవాలి. తాను మందు మానినా బాగున్నానని మరొకరిని మానమనరాదు. విన్నది రహస్యంగా ఉంచాలి. ప్రాణం తీసుకొంటాననే మాట వినబడితే మాత్రం దాచక వెంటనే వైద్యబృందానికి చెప్పాలి. తన ఆరోగ్యాన్ని కనిపెట్టుకోవాలి. ఇందుకే శిక్షణ, పర్యవేక్షణ అవసరం. పట్టాకు, అనుభవానికి పోటీ పెట్టవలసిన పనిలేదు. 1954లో మోటారు ప్రమాదంలో నడుము క్రింది భాగం చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి, విదేశంలో పునరావాస వైద్యం అభ్యసించి, వెల్లూరులో ఆ శాఖను తీర్చిదిద్దారు. విద్య, వేదన ఒకే మనిషిలో కలిసిన ఉదాహరణ అది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉన్నది. తోటివారి సేవ సేవాభావం పేరిట ఉచితంగానే సాగాలా? డాక్టరుకు జీతం, చికిత్సకునికి జీతం, కోలుకున్నవానికి దండా చప్పట్లూ అయితే అది గౌరవం కాదు. పనిని పనిగా గుర్తించాలి. నిర్ణయాలలో పాలు ఇవ్వాలి. చట్టం ఈ దారినే చూపుతున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాలలో కేటాయించిన 4 శాతంలో మానసిక వ్యాధి గలవారికీ చోటు కల్పించినది. 2017 నాటి మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం, కుటుంబం ఆదరించలేదన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచరాదన్నది. సమాజంలో నివసించే హక్కును ప్రకటించినది. సమీక్షా మండళ్ళలో ఈ వ్యాధిని అనుభవించినవారు సభ్యులయ్యే వీలు కల్పించినది. చట్టం తలుపు తెరిచినది. లోపలికి చేయిపట్టి నడిపించే మనుషులు ఇంకా చాలినంతమంది లేరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, ఆయా వ్యాధులలో 70 నుండి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు.

ఈ సేవకు రాష్ట్రాల ఎల్లలు లేవు. మతి తప్పి రైలెక్కినవాడు ఎక్కడ దిగుతాడో ఎవరికి తెలుసు? మహారాష్ట్రలోని కర్జత్‌లో డాక్టర్ భరత్ వాట్వానీ స్థాపించిన శ్రద్ధా పునరావాస సంస్థ వీధులలో తిరిగే ఇట్టివారికి చికిత్స చేసి, దేశం నలుమూలలా ఉన్న వారి ఇండ్లకు చేరుస్తున్నది. ఆయనకు 2018లో మెగసెసే పురస్కారం లభించినది. అట్టి మనిషి నోటి నుండి మాతృభాషలో ఊరి పేరు వెలువడినప్పుడు దానిని గుర్తుపట్టగలవాడు పక్కన ఉండాలి. తెలుగువాడు తమిళం, తమిళుడు వంగం నేర్చుకుంటే కలిగే మేలు ఇక్కడ ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

విద్యార్థులారా! ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారు వృత్తి చికిత్స పట్టాకు ప్రయత్నించవచ్చు. నాలుగేళ్ళకు పైబడిన చదువు, ఆసుపత్రిలో శిక్షణ ఉంటాయి. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తికి శాసనబద్ధమైన గుర్తింపు ఇచ్చినది. ఆసుపత్రులు, ప్రత్యేక పాఠశాలలు, పునరావాస గృహాలు, వృద్ధాశ్రమాలు మీ సేవను కోరుతున్నాయి. ఇక మీలో ఎవరైనా ఈ బాధను స్వయంగా ఎరిగినవారుంటే, ఆ ఎరుక మీ జీవితంలో వృథా అయిన భాగమని తలచకండి. తగిన శిక్షణ తోడైతే మరొకరికి అది దారిదీపం కాగలదు. ప్రస్తుతం కష్టంలో ఉన్నవారు 14416 అనే టెలి మానస్ సంఖ్యకు ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

కోలుకున్న మనిషికి మన వీధిలో ఒక పని, మన వరుసలో ఒక చోటు చూపగలిగిననాడే చికిత్స పూర్తి అయినట్లు. ఆ పనికి మీరు ముందుకు రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.