వేణ్ణీళ్ల స్నానానికి వెళ్లేముందు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మాది సాయంకాలపు తరగతుల తెలుగు. పగలంతా బడిలో ఇంగ్లీషులో పాఠాలు చెప్పి, పొద్దుగూకాక అ ఆ లు దిద్దుకున్నవాళ్లం. 1903 నుంచి మద్రాసు రేవు వదిలి ఫిజీకి వెళ్లిన గిర్మిట్ ఓడల్లో ఒకదానిలో మా తాతగారు వెళ్లారు. అక్కడి నుంచి మేము కాలిఫోర్నియా చేరాము. ఈ ప్రయాణంలో కొన్ని అక్షరాలు జారిపోయి ఉంటే మన్నించండి.

వేసవిలో మన సంఘం బస్సు కాలిస్టోగా వెళ్తోంది కనుక, స్పాలో తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. వేణ్ణీళ్ల సంగతి మనకు ఒకరు చెప్పాలా అనుకోవచ్చు. ఫిజీలో సావుసావు ఊళ్లో నేలలోంచి పొగలు కక్కుతూ ఉబికే నీళ్లలో జనం దుంపలు ఉడకబెట్టుకుంటారు. అందులో కాలు పెట్టాలని ఎవరికీ తోచదు. ఇంట్లోనైతే అమ్మమ్మ పొయ్యి మీద నీళ్లు కాచి, చన్నీళ్లు కలిపి, తన చెయ్యి ముంచి చూసుకున్నాకే మా నెత్తిన పోసేది. స్పాలో అమ్మమ్మ ఉండదు. చిక్కంతా అక్కడే.

కాలిస్టోగాలో అగ్నిపర్వతపు బూడిద, పీట్ మట్టి, వేడి ఊటనీరు కలిపిన బురదలో మెడదాకా పడుకోబెడతారు. గేదెకున్న సుఖం మనకెందుకు ఉండకూడదు? తప్పక ఉండవచ్చు. కాని ముందు మా అక్క సంగతి వినండి.

నాలుగేళ్ల కిందట మేమిద్దరం వేరే ఊళ్లో ఒక స్పాకి వెళ్లాము. లోపలికి పంపేముందు ఒక కాగితం ఇచ్చారు. గుండెజబ్బు ఉందా, రక్తపోటు ఉందా, షుగర్ ఉందా, ఏ మందులు వాడుతున్నారు అని. అక్క అన్నిటికీ ‘లేదు’ అని గీత పెట్టింది. పదిహేనేళ్లుగా షుగర్‌కి మందులు మింగుతున్న మనిషి! పక్క కుర్చీలో కొత్త వియ్యపురాలు కూర్చుని ఉంది. ఆమె ముందు రాయడం నామోషీ. ఆ గీత మేము చూశాము. చూసి ఊరుకున్నాము.

తొట్టిలో కాళ్లు పెట్టి అక్క ‘హాయిగా ఉంది’ అంది. ఇరవై నిమిషాలు అలాగే కూర్చుంది. షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నాయి, నీళ్లు కాలుతున్న సంగతి ఆ పాదాలు చెప్పలేదు. రాత్రికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఒక పుండు నెలల తరబడి మానలేదు. చివరికి చిటికెన వేలు తీసేశారు. మన తాతలు చెరకు నరికారు, చక్కెర మన ఒంట్లో చేరిందని మన ఇళ్లలో ఒక హాస్యం ఉంది. ఆ ఏడాది మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు.

కనుక షుగర్ ఉన్నవారు వేడిని పాదంతో పరీక్షించవద్దు. మోచెయ్యి పెట్టి చూడండి, అంతకంటే థర్మామీటరు మేలు. వేడినీళ్ల తొట్టి 104 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే 40 సెల్సియస్, దాటకూడదు. కాలి మీద పుండు గాని, పగులు గాని ఉంటే అసలు దిగవద్దు. ఇన్సులిన్ తీసుకునేవారికి ఇంకొక మాట: వేడికి ఇన్సులిన్ త్వరగా ఒంటికి పట్టి, చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. వేడికి రక్తనాళాలు వెడల్పై రక్తపోటు కూడా తగ్గుతుంది. బి.పి. మాత్రలు వేసుకునేవారు తటాలున లేస్తే కళ్లు తిరుగుతాయి. వైన్ తోటల ఊరే అయినా, ఆ గ్లాసు ముందు కాదు. గర్భిణీలు డాక్టరు సరే అంటేనే వెళ్లాలి. ఐదేళ్లలోపు పిల్లలను వేడి తొట్టిలో దింపకూడదు.

నీళ్ల శుభ్రత కూడా చూసుకోవాలి. 2000 సంవత్సరంలో ఇదే రాష్ట్రంలో వాట్సన్‌విల్‌లో ఒక నెయిల్ సలూన్‌కి వెళ్లిన నూరుమందికి పైగా ఆడవాళ్లకు కాళ్లపై కురుపులు లేచాయి. పాదాల తొట్టిలో, నీళ్లు పీల్చే జల్లెడ వెనక వెంట్రుకలు, చర్మపు తుక్కు పేరుకుని ఉన్నాయి. సూక్ష్మజీవులు అక్కడ పెరిగాయి. ముందుగా కాళ్లు షేవ్ చేసుకున్నవారికి ఆ ప్రమాదం ఎక్కువైంది. అందుచేత జల్లెడ విప్పి కడిగారా అని అడగండి. అడగడం మర్యాదతక్కువేమీ కాదు. 2019లో నార్త్ కరోలినాలో ఒక సంతలో ప్రదర్శనకు పెట్టిన వేడి తొట్ల నుంచి లేచిన తుంపరల వల్ల లీజియనేర్స్ జబ్బు వ్యాపించిందని తేల్చారు. నలుగురు మరణించారు. చాలామంది ఆ తొట్ల పక్కగా నడిచి వెళ్లినవారే! క్లోరిన్ పరీక్షకు కాగితపు పట్టీలు కొట్లలో దొరుకుతాయి. తొట్టి నీళ్లలో 3 పి.పి.ఎం.కు తగ్గితే దిగవద్దు.

మనం వెళ్లబోయే చోటి నుంచి ఆరోగ్యపు కాగితాలు ముందుగానే తెప్పించాము. బయట బల్ల మీద ఉన్నాయి. ఇంటి దగ్గర, ఎవరూ పక్కన లేనప్పుడు నింపి, కవరులో పెట్టి అంటించి తెచ్చుకోండి. అక్క కూడా బస్సు ఎక్కుతోంది. తన కాగితం నిన్ననే మాకు ఇచ్చింది, కవరు అంటించకుండానే.