గోడ తప్పిన దొంగలు

పడిపోవడాలు, దెబ్బలు, తడబాట్ల వంటి శారీరక చేష్టలతో నవ్వించే స్లాప్‌స్టిక్ హాస్యాన్ని నేరకథతో మేళవించిన చిత్రాలలో, మారియో మొనిచెల్లి దర్శకత్వంలో 1958లో వెలువడిన ఇటాలియన్ చిత్రం ‘ఇ సోలితి ఇన్యోతి’ అగ్రశ్రేణికి చెందినది. రోమ్ నగరపు చిల్లర దొంగలు తాకట్టు దుకాణపు ఇనప్పెట్టెను దోచుకోదలచి, తోతో పోషించిన పాతకాపు వద్ద డాబా మీద పాఠాలు సైతం చెప్పించుకుని, పక్క ఇంట్లో దూరి, చెమటోడ్చి గోడకు కన్నం వేస్తే, అవతల కనిపించేది అదే ఇంటి వంటగది! గదిలో సామాను చోటు మారిందని గుర్తించని ఆ ఘనులు, చేసేది లేక అక్కడున్న శనగల పాస్తా వడ్డించుకుంటారు. 1955 నాటి ‘రిఫిఫి’ వంటి గంభీర దోపిడీ చిత్రాలకు ఇది పేరడీ, అనగా వ్యంగ్యానుకరణ. అయితే యుద్ధానంతర ఇటలీలోని పేదరికం ఆ నవ్వుల అడుగున కదలాడటమే దీని అసలు బలం. చివరకు ఆ దొంగల్లో ఒకడైన, విత్తోరియో గాస్‌మన్ పోషించిన పెప్పే పోలీసుల కంటపడకుండా కూలీల గుంపులో చేరి, నిజంగానే పనిలో చిక్కుకుపోతాడు.